నవాబుల బంగళాకు గుడ్ల గచ్చు

మా కంపెనీది వేరుశనగ నూనె వ్యాపారం. యజమాని ఇంట్లో మాంసం మాట దేవుడెరుగు, గుడ్డు అన్న మాట కూడా గట్టిగా పలకరు. అలాంటివాళ్ళ హెడ్డాఫీసు గోడలకు కోడిగుడ్లు పూయించిన ఘనుణ్ణి నేను.

కర్నూలు పాత ఊళ్ళో నవాబుల కాలం నాటి బంగళా ఒకటి మా యజమాని హెడ్డాఫీసు కోసం ముచ్చటపడి కొన్నాడు. అది రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. గోడకు సిమెంటు చుక్క తగలకూడదు, పాత పద్ధతిలో సున్నపు గచ్చే వేయాలి, అధికారి వచ్చి చూసి సరేననాలి. పనులు చూసే ఇంజనీరును నేనే. యజమాని నా భుజం మీద చెయ్యేసి ప్రేమగానే చెప్పాడు: "ప్రవేశం ముహూర్తానికి హాలు గోడ అద్దం మాదిరి మెరవల్లప్పా. లేకుంటే నువ్వు వేరే ఉద్యోగం చూసుకో."

సున్నపు పని తెలిసిన ముసలి మేస్త్రి ఒక్కడే దొరికాడు. గానుగ సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్ళు అని చెప్తూ చెప్తూ, చివర్లో తాపీగా అన్నాడు: "పైపూతకు కోడిగుడ్ల తెల్లసొన కావల్ల సార్."

"అది లేకుండా కాదా?"

"ఎందుకు కాదు? గోడ నిలబడతాది. మెరుపు మాత్రం రాదు."

గుడ్లు తెస్తే ఉద్యోగం పోతుంది. తేకపోయినా పోతుంది. ఎలాగూ పోయేదే అయితే గోడైనా మెరవనీ అనుకుని, పెయింటు డబ్బాల్లో దాచి గుడ్లు తెప్పించాను.

యజమాని తల్లి రోజూ పదకొండింటికి మజ్జిగతో వచ్చేది. ఆటో చప్పుడు కాగానే మేస్త్రి దగ్గేవాడు, నేను గబగబా డబ్బాలకు మూతలు పెట్టేవాణ్ణి. ఒకరోజు ఒక మూత కనబడలేదు.

"ఏం కలుపుతాండారప్పా?"

"కరక్కాయ నీళ్ళమ్మా."

"శానా నురగ వస్తాండాదే!"

"మంచి కరక్కాయలమ్మా."

ఇంత నున్నటి అబద్ధం నేను నా పెళ్ళిచూపుల్లో కూడా ఆడలేదు. అదీ ఆమె ఇచ్చిన మజ్జిగ తాగుతూ.

ఇక పచ్చసొనలు. వాటినేం చేయాలో మేమెవరం ఆలోచించలేదు. మేస్త్రి వాటిని సందు మొదట్లోని దోశల బండికి బకెట్లతో పంపించేశాడు. వారం తిరిగేసరికి ఆ వీధిలో ప్రతి దోశా పసుపు పూసుకుంది. ఊళ్ళోని పిల్లులన్నీ మా గేటు దగ్గర కాపురం పెట్టాయి.

గోడ మాత్రం, అబ్బ! మేస్త్రి గులకరాయితో రుద్ది రుద్ది వదిలిపెట్టాక అందులో నా మొహం నాకు కనబడింది. నిజం చెప్తున్నా, ఏడుపొచ్చింది.

ప్రవేశం రోజు యజమాని తల్లి ఆ గోడకే దేవుడి పటం పెట్టించి దీపం వెలిగించింది. అధికారి వచ్చి గోడను వేలితో తడిమి, అందరికీ వినబడేలా మెచ్చుకున్నాడు: "అచ్చంగా పాత పద్ధతే! గుడ్డుసొన లేకుండా ఈ నునుపు రాదు. ఎన్ని గుడ్లు పట్టాయండీ?"

పురోహితుడు మంత్రం ఆపేశాడు. యజమాని మొహం మాడిపోయింది. "ఏమప్పా, గుడ్లా? రేపట్నించి నువ్వు ఈడ..."

తల్లి చెయ్యెత్తి కొడుకును ఆపింది. నా వైపు చూసింది. ఆ చూపుకు సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పయిపోయిందమ్మా. చెప్తే వద్దంటారని..."

"వద్దనేదాన్నే," అంది. గోడ దగ్గరకు నడిచి అరచెయ్యి ఆనించింది. బయట ఎండ మండిపోతోంది. ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"దేవుని పటం ఆ బీరువా మీద పెట్టు," అంది కొడుకుతో. "నాకు కుర్చీ ఈ గోడకాడ వెయ్యి. శానా చల్లగా ఉండాది."

"మరి ఈయప్పను ఏం చేద్దామమ్మా?"

"పంపించేస్తే పైగదుల గోడలు ఎవురు చేస్తారు?" అని నా వైపు తిరిగింది. "గుడ్లు తెచ్చే పొద్దు నాకు ముందే చెప్పప్పా. ఆ పొద్దు నేను ఈడికి రాను."