వంతకు వదిలిన జాగా

2021, ఆగస్టు మొదలు. పామిడి వైపు పల్లెల్లో వేరుశనగకు కలుపు తీస్తున్న రోజులు. మబ్బు వస్తుంది, మురిపిస్తుంది, పోతుంది. కరోనాతో మూతబడిన బడులను నెల నడిమిలో తెరుస్తారని చెప్పుకుంటున్నారు. తెరిస్తే మాత్రం పిల్లలు వస్తారా అన్న గుబులుతో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు.

నేను సి.ఆర్.పి.ని, అంటే క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ని. పేరు ఘనంగానే ఉంటుంది. పని మాత్రం స్కూటీ మీద మా చుట్టుపక్కల బడులన్నీ తిరగడం, వివరాలు పై ఆఫీసుకు పంపడం, డ్రాపవుట్లను, అంటే బడి మానేసిన పిల్లలను, వెతికి తీసుకురావడం. మొదటి రెండూ ఎవరైనా చేస్తారు. మూడోదానికి గట్టి నోరు కావాలి. అది నాకు దేవుడు ధారాళంగానే ఇచ్చాడు.

ఆ ఏడాది నాకు కంటి మీద కునుకు లేకుండా చేసిన పిల్ల నాగవేణి. ఎనిమిదో తరగతి. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేదు కాబట్టి ఆన్‌లైన్ క్లాసులు ఆమెకు ఉన్నా లేనట్టే. తల్లి వెంట కూలికి పోవడం మొదలుపెట్టింది. పోయి ఊరుకోలేదు, పాట అందుకుంది. మా వైపు కలుపు గుంపులో ఒకరు పాట చెబితే మిగతావాళ్ళు వంత పాడతారు. ఆ ఊపుకు చేతులు ఆడతాయి, మునుం, అంటే కలుపు తీసేవాళ్ళ వరస, చెదరకుండా ముందుకు కదులుతుంది. నాగవేణి గొంతు విన్నాక గుంపు పెద్ద వన్నూరక్క ఆమెను వదిలే మాటే ఎత్తలేదు. వన్నూరక్క ఆ పిల్లకు పెద్దమ్మ కూడా.

"బడి తెరుస్తానే పంపించాలక్కా" అని గట్టు మీద నిలబడి అడిగాను.

"పంపిస్తే నా మునుం ఎవరు నడపల్ల? ఈ పిల్ల పాడకుంటే ఒకతి ముందర పోతాది, ఒకతి యెనక నడుము పట్టుకోని కూచుంటాది. పంట ఇంటికొచ్చినాంక చూస్తాంలే, పో."

పంట ఇంటికొచ్చాక అంటే ఏమిటో నాకు తెలుసు. అలా ఆగిన పిల్లల్లో మళ్ళీ పుస్తకం పట్టినవాళ్ళు తక్కువ.

అప్పుడే పై ఆఫీసు నుంచి ఒక పోటీ వచ్చింది. ఇళ్ళలో ఉన్న పిల్లలు తమ బడి మీద సొంతంగా పాట కట్టి, ఒక్కరే పాడి, ఆడియో పంపాలి. మూడు నిమిషాలు దాటకూడదు. నాకు ప్రాణం లేచొచ్చింది. పాటతో పోయిన పిల్లను పాటతోనే లాక్కొద్దామనుకున్నాను. నాగవేణి సరేనంది. వన్నూరక్క దగ్గరున్న ఫోన్‌లో తన పాట రికార్డు చేసి హెడ్మాస్టర్‌కు పంపింది, ఆయన నాకు పంపాడు, నేను అప్‌లోడ్ చేశాను, అంటే పోటీ లింకులోకి ఎక్కించాను, నాగవేణి వినడానికి వన్నూరక్క ఫోన్‌కూ పంపాను. గొంతు బాగుంది. పాట మాత్రం ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తుతోంది, ఊపిరి తీసుకునే సందు కూడా లేదు.

మరుసటి రోజే నాగవేణి నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, నా పాటలో మనుషులు యాడ పోయినారు?"

"ఏ మనుషులు?"

"వంత పాడేటోళ్ళు. వాళ్ళకని నేను జాగా ఇడిసింటి. ఎవురో కోసేసినారు."

హెడ్మాస్టర్‌ను అడిగాను. "నేనేనమ్మా" అన్నాడు సంతోషంగా. "ప్రతి లైను అయిపోతానే శబ్దమే లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నా. సాయంత్రమంతా కూచోని ఖాళీలన్నీ కత్తిరించినా. సరిగ్గా మూడు నిమిషాలకు కుదిరింది చూడు." పాపం, మెచ్చుకుంటానని ఎదురు చూస్తున్నాడు. మంచి మనిషి, ఏమనగలను?

నాగవేణికి మూడు నిమిషాల సంగతి చెప్పి సర్దబోయాను. ఆమె వినలేదు. "నా మనుషులకు పాటలోనే జాగా ఇయ్యని బడికి నేనెందుకు రావల్ల, మేడం?" అని ఫోన్ పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. స్కూటీ తీశాను.

చేనికాడికి పోయి, కోయని పాట వినిపించమన్నాను. వన్నూరక్క ఫోన్‌లో పెట్టి, దాన్ని ఖాళీ సద్ది గిన్నెలో వేసింది. గిన్నెలో వేస్తే గొంతు పెద్దగా వస్తుంది.

"తాళమేసిన బడి ఎవురిది?" అని అడిగింది పాట. తర్వాత ఏమీ లేదు. ఆ ఖాళీలోకి, వంగిన నడుములు ఎత్తకుండానే ఆడవాళ్ళు అందుకున్నారు.

"మాదే మాదే ఓయమ్మా."

"దుమ్ము పట్టిన బెంచీ ఎవురిది?"

"మాదే మాదే ఓయమ్మా."

అందులో చాలామంది బడి గడప తొక్కనివాళ్ళు. వన్నూరక్క వేలిముద్ర వేస్తుంది. వాళ్ళు బడిని మాదే అంటుంటే నాకు ఏడుపు ఆగలేదు. మాస్కు కళ్ళదాకా లాక్కున్నాను.

అక్కడి నుంచే కత్తిరించిన పాట తీసేసి అసలుది ఎక్కించాను. "ప్రైజు పోతాది కదమ్మా" అన్నాడు హెడ్మాస్టర్. పిల్ల పోకుంటే చాలు సార్ అన్నాను. ఆయన అన్నట్టే అయింది. నిడివి దాటిందని పాటను పక్కన పెట్టారు. పోటీ నడిపేవాళ్ళతో వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేసేదాకా వాదించాను. నాగవేణికి ఉన్నదున్నట్టు చెప్పాను. "సరే మేడం" అంది, అంతే. ఆ సరే పాటకో, బడికో తెలియక నాకు అన్నం సయించలేదు.

బడి తెరిచిన రోజు గంట కొట్టకముందే వెళ్ళాను. మాస్కులు పెట్టుకున్న పిల్లలు ఎడం ఎడంగా వస్తున్నారు. నాగవేణి లేదు. కాసేపు ఆగి చూస్తే సరిపోయేది, ఆగలేక చేనికి పరుగెత్తాను. ఇంకా గట్టు ఎక్కకముందే ఆమె గొంతు వినిపించింది. ఈ రోజు వన్నూరక్కో నేనో తేలాల్సిందే అనుకుని చేలో దిగాను.

మునుంలో నాగవేణి లేదు. సద్ది గిన్నెలో ఫోన్ పాడుతోంది. ఆడవాళ్ళు వంత పాడుతున్నారు.

"ఏమమ్మా, ఈడికొచ్చినావు?" అంది వన్నూరక్క. "పిల్లను బడికి తోలిస్తిమి కదా. అడ్డదోవన పోయింటాది."

"మరి మునుం?"

"పాట మాకాడనే ఉండాది. మాకు జాగా కూడా ఇడిసింది. ఫోనుకు ఆకలి కాదు, ఎండ తగల్దు. ఆ పిల్లను నీడన సదువుకోనీ."

హెడ్మాస్టర్ కోసిన పాటైతే ఆ గుంపుకు ఎందుకూ పనికొచ్చేది కాదు. నేను చేలోనే కూలబడి నవ్వాను. పనికి అడ్డం, లెయ్యమ్మా అని వాళ్ళు తిట్టారు.

కొన్నాళ్ళకు వన్నూరక్క నుంచి ఫోన్. "మేడమ్మా, ఒకే పాట ఎన్ని దినాలని పాడల్ల? కొత్తది కట్టమని చెప్పు ఆ పిల్లకు." క్లాసులో ఉన్న నాగవేణిని పిలిచి చెప్పాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "హోంవర్కు ఉండాది. ఆదివారం కట్టి ఇస్తానని చెప్పండి మేడం."

అంతకుముందు బడి మానిన పిల్లల ఇళ్ళకు పోతే చదువు గొప్పతనం గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. వాళ్ళు తలలూపేవాళ్ళు, పిల్లలు వచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు ముందుగా ఒకటే అడుగుతాను, ఈ పిల్ల బడికొస్తే మీకు ఇక్కడ ఏం నిలిచిపోతుంది అని. అడిగి నోరు మూసుకుంటాను. ఒకచోట మేకలంటారు, ఒకచోట ఉయ్యాలలోని చంటిబిడ్డను చూపిస్తారు. దానికి దారి దొరికేదాకా చదువు మాట ఎత్తను.