చేతులెత్తడం, చేతులెత్తేయడం

మా చెల్లెలు సైకిల్ తొక్కి జీతం తీసుకుంటుంది. ఈ మాట చెబితే తిరుపతిలో నేను పనిచేసే బ్యాంకులో ఇప్పటికీ ఎవరో ఒకరు "అంటే డెలివరీనా?" అంటారు. కాదు మహానుభావా, పందేలు. బెంగళూరులో ఒక టీము ఆమెను పనిలో పెట్టుకుంది.

మా నాయనకు ఆ జీతం మీద నమ్మకం లేదు. ఆయన పుత్తూరు పక్కన మామిడితోట చేసుకునే మనిషి. చెల్లెలు టీములో చేరి ఇంతకాలమైనా ఒక్క పందెమూ గెలవలేదు. గెలవనివాళ్ళకు ఊరికే డబ్బులెవరిస్తారు, ఇందులో ఏదో మోసముందని ఆయన అనుమానం. అడిగితే ఆమె, "నా పని గెలిచేది కాదు నాయనా, గాలి తినేది" అనేది. అదేం ఉద్యోగమో మాకు అర్థమైతే ఒట్టు.

ఒక పందెం చంద్రగిరి దగ్గర ముగుస్తుందని తెలిశాక నాయన ఫోన్లో తేల్చేశాడు. "ఈ ఒక్కటీ వచ్చి సూస్తా. నాకు ఒప్పితే సరే, లేకుంటే మూట సర్దుకోని ఇంటికొచ్చేయ్. బి.ఇడి. సేరుదువు." చెల్లెలు సరే అంది. నాకు ఒళ్ళు మండింది. నువ్వేమన్నా చిన్నపిల్లవా అని కేకలేస్తే, "నాయన మనసులో ఒద్దనుకుంటా ఉంటే నాకు కాళ్ళాడవక్కా" అంది.

పందేనికి ముందురోజు సాయంత్రం ఆమె నా ఇంటికి వచ్చింది. నాకు అసలే ఆరాలెక్కువ. పెద్ద పెద్ద పందేల వీడియోలు పెట్టుకుని ప్రశ్నలతో దాని ప్రాణం తీశాను. గెలిచేవాడు ముగింపు గీత దగ్గరికి రాగానే చొక్కా జిప్పు ఎందుకు పైకి లాక్కుంటాడు?

"జీతమిచ్చేవాళ్ళ పేరు రొమ్ము మీద ఉంటాది గదక్కా, ఫోటోలో పడాల."

అందరికన్నా ముందున్నవాడు ఒంటికి పోవడానికి ఆగితే మిగతావాళ్ళు దూసుకుపోరే, ఎందుకని?

"అట్ల పోతే పరువు పోతాది. రేపు వాళ్ళకూ అవసరం వస్తాది గదా."

మరి గీత దాటకముందే సంబరపడి చేతులెత్తితే?

"ఎనకుండేవాళ్ళు గెలుపు కొట్టుకోని పోతారు. ఊరంతా నవ్వతారు."

చెమటోడ్చి కొట్లాడేవాళ్ళకు ఇన్ని మర్యాదలా అని ఆశ్చర్యపోయాను. ఇందులో సగం మా బ్యాంకు వరుసలో నిలబడేవాళ్ళకు ఉంటే నాకు ఈ బీపీ వచ్చేది కాదు.

మరునాడు చంద్రగిరి కోటకు పోయే దారిలో, గీత పక్కనే తావు చూసుకుని నిలబడ్డాం. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మైకులో చెల్లెలి నంబరు మాటిమాటికీ వినిపిస్తోంది. ముందు ఆమే ఉందట. నాయన కండువా సర్దుకుని కాస్త ముందుకు జరిగాడు.

మలుపు తిరిగి వచ్చారు. ముందు చెల్లెలు, ఆమె వెనకే అంటుకుని ఆమె టీము అమ్మాయి, ఆ వెనక గుంపు. "తొక్కే, తొక్కు!" అని నేను గొంతు చించుకున్నాను. గీత కనబడుతోంది. అప్పుడు మా మహాతల్లి ఏం చేసిందనుకున్నారు? పక్కకు తప్పుకుంది. వెనకమ్మాయి లేచి నిలబడి తొక్కి గీత దాటేసింది. గుంపంతా చెల్లెల్ని దాటుకుని పోయింది. ఆమె తొక్కడం ఆపి, దూరం నుంచే రెండు చేతులూ పైకెత్తింది.

నాయన మొహం మాడిపోయింది. "సేతులెత్తేసినాది సూడు. ఇంత దూరం వచ్చి, గీత ముందర సేతులెత్తేసినాది. ఇంక సాలు. ఇంటికి పిల్సుకోని పోదాం పా."

చెల్లెలు రొప్పుతూ మా దగ్గరికి వచ్చింది. మొహమంతా ఉప్పు చారలు. పైగా నవ్వు! నాకైతే లాగి ఒకటి ఇద్దామనిపించింది.

"ఏలమ్మా సేతులెత్తేసినావు?" అన్నాడు నాయన. ఆయన గొంతులో కోపం లేదు, దిగులుంది.

"ఎత్తేయలే నాయనా, ఎత్తినా. మేం గెలిస్తిమి గదా!"

"మీరేంది? గెలిసింది ఆ పాప గదా."

"ఆ పాపకు గాలి తగలకుండా దారంతా నేనే ముందర తొక్కినా. ఎనకుండే మనిషికి కష్టం తగ్గుతాది. కడాన ఆమెకు దారిచ్చి తప్పుకోవాల, అదే నా పని. మా టీములో ఎవురు గెలిసినా ఎనకుండేవాళ్ళం సేతులెత్తుతాం."

ఇప్పుడు తిట్లు మొదలవుతాయనుకున్నాను. నాయన సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యేసి అడిగాడు. "దారంతా ఎదురుగాలేనా?"

"దారంతా."

"మీ చిన్నాయనా నేనూ సైకిళ్ళ మీద పుత్తూరికి పాల క్యాన్లు ఏసుకోని పొయ్యేవాళ్ళం. ఆడినెల ఎదురుగాలికి ముందర నేను రొప్పతా ఉంటే, ఎనకాల వాడు పాటలు పాడుకుంటా వచ్చేవాడు, దొంగ సచ్చినోడు. నాకు ఆయాసమొస్తే వాడికి పాటెట్ల వస్తాదో ఈపొద్దు దాకా తెలీలేదమ్మా."

మేమిద్దరం పకపకా నవ్వాం. ఇంతలో గెలిచిన అమ్మాయి వచ్చి, తనకిచ్చిన పూలగుత్తిని చెల్లెలి చేతిలో పెట్టి కావలించుకుంది. నాయన ఆ పూలనే చూస్తూ, "ఇది కూడా పద్ధతేనా?" అని నా చెవిలో అడిగాడు. నా ఆరాలు ఎవరి నుంచి వచ్చాయో నాకప్పుడు తెలిసింది. కానీ ఇంటికి రమ్మంటాడో, ఉండమంటాడో మాత్రం చెప్పలేదు. అడిగే ధైర్యం మాకూ లేదు.

ఆయన్ను దిగబెట్టడానికి నేనూ ఊరికి వెళ్ళాను. బస్సు దిగగానే టీ అంగడి దగ్గర ఆయన స్నేహితుడొకాయన పట్టుకున్నాడు. "ఏమప్పా, పాపను పిల్సుకోని వచ్చేస్తా అంటివే, యాడ?"

"రాదబ్బా. దానికి ఆడ పనుండాది."

"అయితే గెలిసినాదా?"

నాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"గెలవలేదబ్బా. గెలిపించినాది."