కుళాయి దగ్గర మూడేళ్ల గడువు

నా చిన్నప్పుడు, భవానీపురం ఇంకా ఇంత పెద్దది కానప్పుడు, మా వీధికంతటికీ ఒకటే కుళాయి. పొద్దున గంటసేపు నీళ్లొచ్చేవి. ఎండాకాలంలో ఆ గంటా సన్నటి ధారే.

ఆ ఏడాది వీధి చివరి రేకుల ఇంట్లోకి రంగూన్ నుంచి వచ్చిన కుటుంబం దిగింది. ఒక తాతయ్య, ఆయన కోడలు, ఇద్దరు పసిపిల్లలు. వాళ్లు మాట్లాడేది మన తెలుగే. అయినా ఆ కోడలు బుగ్గలకు పూసుకునే గంధంలాంటి పూత చూసి మాకందరికీ ఏదో అనుమానం. బంగారం దాచుకొచ్చారని కొందరన్నారు. వాళ్లొచ్చాకే నీళ్లు తగ్గాయని మా అమ్మే అంది.

మా వీధికి పెద్ద, రిటైరైన పోస్టుమాస్టరు గారు. ఆయన ఒక నియమం పెట్టారు. వీధికొచ్చి మూడేళ్లు నిండినవాళ్లు ముందు పట్టుకోవాలి, తక్కినవాళ్లు చివర. చివరంటే ఆ వేసవిలో నీళ్లు లేనట్టే. ఎవరెప్పుడొచ్చారో ఇల్లిల్లూ తిరిగి రాసుకురమ్మని నన్ను పంపారు. నాలుగో తరగతికే నా దస్తూరికి మంచి పేరుండేది. నేను తెగ మురిసిపోయాను.

రేకుల ఇంటి తాతయ్య నన్ను కూర్చోబెట్టి మరమరాలు పెట్టాడు. పెట్టెలోంచి ఫొటో అతికించిన కార్డొకటి తీసి చూపించాడు. ఆయన తండ్రి బియ్యం మిల్లులో పనికని వెళ్లి రంగూన్‌లోనే ఉండిపోయాడట. ఈయన పుట్టింది అక్కడే. అయినా ఆ కార్డులో పరాయివాడనే ఉందట.

"ముందు ఊరికే పేరు రాసుకుంటామన్నారమ్మా. తర్వాత కార్డన్నారు. ఏటేటా ముద్ర వేయించుకోమన్నారు. ఆనక ఈ పని చెయ్యకూడదు, ఆ కొట్టు పెట్టకూడదన్నారు. చివరికి ఓడెక్కించారు."

కోపంగా చెప్పలేదు. చెప్పడం అయ్యాక, మరి మీరెప్పుడొచ్చారని అడిగాడు.

మా ఇంటి సంగతి నేను రాసుకోనేలేదు. దివిసీమ నుంచి మేమొచ్చి అప్పటికి రెండేళ్లు. ఆయన చూస్తుండగా అబద్ధం రాయడానికి చెయ్యి రాక రెండనే రాశాను.

పోస్టుమాస్టరు గారు జాబితా చదువుతూ మా ఇంటి దగ్గర ఆగారు. మా నాన్న రోజూ సాయంత్రం ఆయనతో చదరంగం ఆడేవాడు. పోస్టుమాస్టరు గారు జాబితా పైన రాసిన మూడేళ్ల గడువు మీద వేలు పెట్టి, "మూడు కొట్టేసి రెండు వెయ్యమ్మా" అన్నారు, చాలా మామూలుగా. అలా మారిస్తే గడువుకు అవతల మిగిలేది ఒక్క రేకుల ఇల్లేనని నాకు తెలుసు. అయినా మా అమ్మ బిందె నిండాలి కదా అని మార్చేశాను.

మర్నాడు మా బిందె నిండింది. ఆ కోడలి వంతు వచ్చేసరికి ధార ఆగిపోయింది. ఆమె ఖాళీ బిందెతో కృష్ణానది వైపు నడిచింది. అరుగు మీద నుంచి తాతయ్య నావైపు చూసి, ఇది నాకు తెలిసిందేనన్నట్టు తలూపాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు ఫలానా దేశం కొత్త చట్టం తెచ్చిందనీ, ఫలానా తేదీకి ముందు వలసొచ్చినవాళ్లే ఉండొచ్చనీ పేపర్లో చదువుతుంటాను. మా ఇంట్లో పిల్లలు అది మంచి చట్టమా చెడ్డదా అని వాదించుకుంటారు. నాకు మాత్రం ఆ తేదీ మీదే అనుమానం. ఎవరిని లోపల ఉంచడానికి దాన్ని జరిపారో, అవతల ఏ ఇల్లు మిగిలిందో అని వెతుకుతాను. అలాంటి అంకెను ఒకసారి నేనే దిద్దాను.