ఉపసర్పంచి కోసం చదివిన కాగితం

మొన్న టీవీలో ఉపరాష్ట్రపతి ఎన్నిక వార్త వస్తోంది. గెలిచినాయన ఏ ఊళ్ళో పుట్టాడు, ఏ పార్టీలో మొదలుపెట్టాడు, ఎక్కడ ఓడాడు, ఎక్కడ గెలిచాడు, ఈ కుర్చీ దాకా ఎలా వచ్చాడు అని వార్తలు చదివే అమ్మాయి గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే, నేను నాకు తెలియకుండానే కుర్చీలో ముందుకు జరిగి, ప్రతి ముక్క చివరా ఎవరో ఒక ప్రశ్న అడుగుతారని ఎదురుచూస్తూ కూర్చున్నాను. అడిగే మనిషి పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మా బాపు, మేడ్చల్ దాటి గౌడవెల్లి అవతల ఉన్న మా ఊరికి ఒకప్పటి ఉపసర్పంచి.

నా ఈడువాళ్ళకు వేరే చెప్పాలా, ఆ రోజుల్లో ఉపసర్పంచి అంటే పేరుకు పెద్ద, పనికి సున్న. జెండా పండుగనాడు తాడు చిక్కు తీయడం, పట్నం నుంచి ఎవరైనా పెద్దమనిషి వస్తే దండ సర్పంచి చేతికి అందించడం, మీటింగులో పక్క కుర్చీలో కూర్చుని తల ఊపడం. సర్పంచి మాకు పరాయివాడు కాదు, బాపుకు పెద్దనాన్న కొడుకే, నాకు పెద్దబాపు. తమ్ముడైతే ఎదురు మాట్లాడడని ఏరికోరి పక్కన కూర్చోబెట్టుకున్నాడని బాపును కన్న మా అవ్వ అంటూనే ఉండేది. బాపు ఆ మాట పట్టించుకునేవాడు కాదు. రెండో కుర్చీ మొదటి కుర్చీకి మెట్టు అని ఆయన గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి ఆధారం దేశ ఉపరాష్ట్రపతులే. పేపర్లో వాళ్ళ గురించి ఏ కాస్త వచ్చినా నాచేత చదివించుకునేవాడు. ఒకరు పంతులుగా మొదలయ్యారనీ, ఇంకొకరు వకీలనీ, మరొకరు జైలుకు వెళ్ళొచ్చి మంత్రి అయ్యారనీ నేను చదువుతుంటే, "గంతకుముందు ఏం జేసిండట? గా తర్వాత ఏమైండట?" అని మధ్యమధ్య అడిగేవాడు. రాష్ట్రపతి అయినవాళ్ళ కథకు ఆయన ముఖం వెలిగిపోయేది. కొందరి కథ మాత్రం పదవీకాలం దగ్గరే ఆగిపోయేది, తర్వాత ఏమయ్యారో పేపరువాడు రాసేవాడు కాదు. "ఇగ ఏమైండట?" అని బాపు రెట్టించేవాడు. ఏమీ లేదు బాపూ, ఇక్కడితో అయిపోయింది అంటే, వెనక పేజీలో ఉందేమో చూడమనేవాడు.

నేనెందుకు చదవాలంటే, బాపుకు తెలుగు చదవడం రాదు. ఆయనది నిజాం కాలపు చదువు, బళ్ళో చదివిన నాలుగు తరగతులూ ఉర్దూలోనే. ఉర్దూ పత్రిక గడగడా చదివేవాడు, తెలుగులో మాత్రం సంతకం ఒక్కటే నేర్చుకున్నాడు. ఈ సంగతి మా ఇంటి గడప దాటలేదు. పంచాయతీలో ఎవరైనా కాగితం చేతికిస్తే జేబులు తడుముకుని, "అద్దాలు ఇంట్ల మరిసొచ్చిన, రేపు సూస్త" అని ఇంటికి తెచ్చేవాడు. అది చూసి మా అవ్వ, "నీ అద్దాలు ఎనిమిదో తరగతి సదువుతున్నయ్ గదరా, బడి ఇడిశినంక రానియ్యి" అని పడీ పడీ నవ్వేది. ఊరి పెద్దకు కళ్ళు నేనే అన్న గర్వంతో నేను భూమ్మీద నడిచేదాన్ని కాదు.

ఆ ఏడు ఎండాకాలంలో పెద్దబాపు ఉన్నట్టుండి కాశీకి ప్రయాణమయ్యాడు. పోతూ పోతూ పంచాయతీ ముద్ర బాపు చేతిలో పెట్టి, నేనొచ్చేదాకా ఊరు నీదే అన్నాడట. బాపు ఇస్త్రీ చేసిన ధోవతి కట్టుకుని మొదటి కుర్చీలో కూర్చున్న ఆ రోజు మా ఇంట్లో పాయసం వండుకున్నాం.

రెండో రోజే పట్నం నుంచి ప్లాట్లు వేసే ఆయన స్కూటరు మీద వచ్చి ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. బడి నుంచి రాగానే బాపు దాన్ని నా ముందు పెట్టాడు. టైపు కొట్టిన పొడుగాటి వాక్యాలు. ఫలానా సర్వే నంబరు శిఖం భూమిలో ఇళ్ళ స్థలాలు వేయుటకు పంచాయతీకి ఎట్టి అభ్యంతరము లేదని దాని సారాంశం. శిఖం అన్న మాట నేను మా తెలుగు పుస్తకంలో ఎన్నడూ చూడలేదు. టైపు కొట్టినవాడికి చదువు రాదు, మధ్యలో అక్షరం మింగేశాడు అనుకున్నాను. క్లాసులో మొదటిదాన్ని కదా, ఆ తప్పు నేనే దిద్ది, శిఖరం భూమి అని గొంతెత్తి చదివాను.

"శిఖరమంటే ఏంది బిడ్డా?" అన్నాడు బాపు.

"గుట్ట, బాపూ."

"గుట్ట కాడనా? ఆడ రాళ్ళు దప్ప ఏమున్నయ్. ఏసుకోనియ్యి" అని సంతకం పెట్టి, ముద్ర వేశాడు.

శిఖం అంటే చెరువు కడుపు. నీళ్ళు నిండినప్పుడు మునిగి, ఎండినప్పుడు బయటపడే నేల. ఆ మాట మా బాపుకే కాదు, ఊళ్ళో పశువులు కాసేవాళ్ళకు కూడా తెలుసు. నేను ఉన్నదున్నట్టు చదివి ఉంటే ఆ కాగితాన్ని అక్కడికక్కడే చింపి పారేసేవాడు.

వారం తిరక్కుండా ఎండిన చెరువులో హద్దురాళ్ళు పాతారు. చెరువు కింద మడులున్న రైతులందరూ పంచాయతీ ముందు పోగయ్యారు. మా బడి సారు ప్లాట్లాయన చూపించిన ఆ కాగితం అందుకుని పెద్దగా చదివాడు. శిఖం అన్న మాట ఆయన నోటివెంట వచ్చినప్పుడు నేను గుంపులో అమ్మాయిల మధ్య నిలబడి ఉన్నాను. బాపు తలెత్తి నా కోసం వెతికాడు. నన్ను చూశాడు. అంతలోనే చూపు తిప్పుకున్నాడు. ఆ చూపులో కోపం కనబడి ఉంటే నేను ఇన్నేళ్ళూ కాస్త సుఖంగా నిద్రపోయేదాన్నేమో.

బాపుకు రెండు దారులున్నాయి. నాకు తెలుగు రాదు, నా బిడ్డ చదివితే సంతకం పెట్టానని చెప్పవచ్చు. ఊరు నవ్వేది, నన్ను నాలుగు తిట్టేది, అంతటితో పోయేది. ఆయన లేచి నిలబడి, "నేనే సదివిన. సదివే సంతకం వెట్టిన" అన్నాడు.

ఒక్క ముసలాయన కిందికి ఉమ్మేశాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే కండువాలు దులుపుకుని వెళ్ళిపోయారు. కాశీ నుంచి తిరిగొచ్చిన పెద్దబాపు కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ, "నేను ఊర్లనే లేకపోతి, తమ్ముడు గిట్ల జేస్తడని కలగన్ననా" అన్నాడు. అప్పటికే ప్లాట్లు సగం చేతులు మారాయి. బాపు అమ్ముడుపోయాడన్న మాట ఇంటింటికీ పాకింది. అవిశ్వాసం పెట్టి దింపేశారు. పెద్దబాపు మండల అధ్యక్షుడి దాకా ఎదిగాడు. బాపు కథ అక్కడితో ఆగిపోయింది. మర్నాడు పొద్దున పేపరు వస్తే దాన్ని మడిచి దూలం మీద పెట్టి పొలానికి పోయాడు. చనిపోయేదాకా మళ్ళీ ఒక్క అక్షరం నాచేత చదివించలేదు. తప్పు నాదని బయట చెప్పొద్దని నాచేత ఒట్టు మాత్రం వేయించుకున్నాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఉపసర్పంచి లేడు, పంచాయతీయే లేదు, మునిసిపాలిటీలో కలిపేశారు. చెరువు కడుపులో లేచిన కాలనీకి వేరే ఏదో పేరు పెట్టారు. మా అల్లుడు జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేస్తాడు, వాళ్ళది కోస్తా వైపు, ఇక్కడికొచ్చి ఇల్లు కొనుక్కున్నారు. సంబంధం మాట్లాడుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళిన రోజే, వీధి మలుపు తిరగగానే, చెరువు కడుపులోకి దిగానని నా కాళ్ళకు తెలిసిపోయింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఇల్లు చక్కగా ఉంది, అప్పటికి వరసగా కొన్నేళ్ళు వానలు లేవు. నోరు విప్పితే బాపు కథ చెప్పాలి, అది చెబితే నా కథ చెప్పాలి. చెప్పలేకపోయాను, ఒట్టు అడ్డం పెట్టుకున్నాను.

పోయిన వానాకాలం ఆ వీధిలో నీళ్ళు నడుముదాకా వచ్చాయి. మా అమ్మాయి చంటిపిల్లను ఎత్తుకుని మేడ మీద రెండు రోజులుంది. నీళ్ళు తీశాక వెళితే, గోడ మీద బురద గీతను గుడ్డతో తుడుస్తూ మా వియ్యపురాలు అడిగింది, "మీరు ఇక్కడివాళ్ళే కదా వదినగారూ, ముందు ఇక్కడ ఏముండేదండీ?"

"పొలాలు, వదినా" అన్నాను.

ఈ ఏడు మబ్బులు అప్పుడే కమ్ముతున్నాయి. మా కాలంలో నీళ్ళు ఎటునుంచి వచ్చి ఎక్కడ ఆగుతాయో ఊరంతటికీ తెలుసు, ఇప్పుడు ఆ వీధికి వచ్చిపోయేవాళ్ళలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పిల్ల ఫోను చేస్తే ఎలా ఉన్నావని అడగను, మీ దగ్గర వాన పడుతోందా అని అడుగుతాను. మా అమ్మకు చాదస్తం ఎక్కువైందని నవ్వుతుంది. బాపు నిండు సభలో ఆడిన అబద్ధం తన బిడ్డను కాపాడింది. నేను ఆడిన అబద్ధం మీద నా బిడ్డ కాపురం చేస్తోంది.