చల్లటి ఇంజన్

బేతంచెర్ల బండలు తోలే మా మామ, తాళం తిప్పేముందు లారీ బానెట్ మీద అరచెయ్యి పెట్టేవాడు, బిడ్డకు జ్వరం చూసినట్టు.

పాత ఇంజన్ పూర్తిగా చెడిపోయాక, రిపేరు చేసి అమ్మే ఇంజన్ కోసం ఇద్దరం కర్నూలు పోయాం. షెడ్డువాడు స్టార్టు చేసి చూపించబోతుంటే మామ అలవాటుగా దానిమీద చెయ్యి పెట్టి, చప్పున తీసేశాడు.

"కాలుతాండాది. మనం రాకముందే స్టార్టు చేసి పెట్టినాడు. చల్లగుంటే ఇది శానా సతాయిస్తాది," అన్నాడు నా చెవిలో.

"అయితే వద్దను మామా."

"మన ముసలి లారీకి ఇంతకంటే మంచిది యాడ దొరుకుతాది అల్లుడా?"

దాన్నే కొన్నాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున బానెట్ మీద చెయ్యి పెట్టి, ఎండెక్కేదాకా అట్లాగే నిలబడేవాడు. రేకు వేడెక్కేది. ఇంజన్ మాత్రం స్టార్టయ్యేది కాదు.