అమీర్‌పేటలో మాట్లాడే వెబ్‌సైట్

అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో చూపు లేనివాళ్ళు కూడా సొంతంగా కోర్సులో చేరొచ్చని ఎవరో చెప్పారు. నాకు చూపు లేదు. అమీర్‌పేట డెమోల మీద నమ్మకమూ లేదు. అయినా కోర్సు కావాలి కాబట్టి ఈ రోజు యూసుఫ్‌గూడ నుంచి ఆటోలో ఒక్కడినే వెళ్ళాను.

రిసెప్షన్‌లో అమ్మాయి పలకరించి కూర్చోబెట్టింది. మేనేజర్ వచ్చి వెబ్‌సైట్ తెరిచి, కీబోర్డు నా ముందుకు జరిపాడు. పేజీ తియ్యగా మాట్లాడింది. కోర్సులు, టైమింగులు అన్నీ గడగడా చెప్పేస్తోంది. మా ఇంట్లో కంప్యూటర్ తెర మీది రాతలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నేను కీ నొక్కితేనే చదువుతుంది. అనుమానమొచ్చి చేతులు వెనక్కి తీసుకున్నాను. గొంతు ఆగలేదు. పైగా అది ఇందాకటి రిసెప్షన్ అమ్మాయి గొంతే. మధ్యలో "ఆగన్నా, ఫోన్ వస్తుంది" అనడం కూడా రికార్డయిపోయింది.

"మరి చేరడానికి బటన్ ఎక్కడుందో చెప్పదాండీ?" అన్నాను.

"అది మీ వెంట వచ్చినోళ్లు నొక్కుతరు కద సార్."

"నా వెంట ఎవరూ రాలేదండీ."

మేనేజర్ కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. తర్వాత, "ఫికర్ చెయ్యకుండ్రి సార్. సోమవారం లోపట మంచిగ చేపిచ్చి ఫోన్ చేస్త. జర మీ నంబర్ చెప్పుండ్రి," అన్నాడు.

చెప్పాను. రాసుకున్నానన్నాడు. పెన్ను గీసిన చప్పుడు గానీ, కీ నొక్కిన చప్పుడు గానీ నాకు వినిపించలేదు.

ఫోన్ వస్తుందంటారా?