తెర తాడు పట్టుకున్న డాక్టరు

బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసే రోజుల్లో, బయట నాకు దొరికిన మొదటి పని నాటకంలో తెర పక్కన నిలబడడం. నవ్వకండి. క్యాజువాలిటీ డాక్టరు ఆ గుమ్మం దాటితే ఎందుకూ పనికిరాదని మా పెద్ద సర్జనుగారి నమ్మకం. "బయట బోర్డు పెడితే నీ దగ్గరకెవరొస్తారమ్మా? ముందు లారీ గుద్దాలి కదా!" అని పగలబడి నవ్వేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు పెదపారుపూడి నుంచి ఒకావిడ వచ్చారు. వాళ్లాయన రిటైరైన తెలుగు మాస్టారు, పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలకు పెట్టింది పేరు. అంతకు కొన్ని నెలల ముందు గుండెపోటు వస్తే మా దగ్గరకే తెచ్చారు, నేనే చూశాను. ఇప్పుడు గుండె డాక్టరు ఒకటీ అరా పద్యం పాడుకోవచ్చన్నారట. అంతే, మాస్టారు గుడివాడలో నాటకం ఒప్పేసుకున్నారు.

"పాడకపోతే బెంగతో మంచం పట్టేట్టున్నారండీ. ఒక్కసారి పాడితే పర్లేదట. కానీ జనం వన్స్‌మోర్ అంటారు. అన్నారంటే ఈయన ఆగరు. మీరొచ్చి ఆపాలమ్మా," అన్నారావిడ.

మా వైపు పద్యం నచ్చితే చప్పట్లతో సరిపెట్టరు. వన్స్‌మోర్ అని అరుస్తారు. చచ్చిపడిన వేషం కూడా లేచి, మళ్లీ పాడి, మళ్లీ చావాల్సిందే!

నేను ఎగిరి గంతేశాను. "నాటకాల్లో చేరావన్నమాట," అన్నారు సర్జనుగారు. "చేరానండీ. టిక్కెట్టు కొనుక్కుని రండి," అన్నాను.

మాస్టారు రాత్రంతా మేలుకోకూడదన్న నా మాట మీద ఆట ఆదివారం మధ్యాహ్నానికి మార్చారు. ఆక్సిజన్ సిలిండరును సింహాసనం వెనక పెట్టి పట్టుగుడ్డ కప్పాను. బీపీ చూద్దామంటే దండకడియం అడ్డం. ఊడదీస్తే వేషం పాడవుతుందని మాస్టారు లబోదిబోమన్నారు. నేను వింటానా! కిరీటం నా ఒళ్లో పెట్టుకుని, కడియం ఊడదీసి చూశాను. బాగానే ఉంది. ఇది చూసి సేనాధిపతి "నాక్కూడా చూడండి," అంటూ చెయ్యి చాపాడు. ఆ వెనక మంత్రి, చెలికత్తెలు, తలారి. తెర లేచేలోపు రాజ్యమంతా నా ముందు వరుస కట్టింది. ఈ వైభోగం సర్జనుగారు చూడొద్దూ!

పద్యం అవ్వగానే నేను తెర దించేయాలి. అదీ మా ఒప్పందం.

మాస్టారు ఎత్తుకున్నారు. అబ్బ, ఏం గొంతండీ! నా చేతిలో తాడుందన్న సంగతే మర్చిపోయాను. పద్యం ముగిసిందో లేదో, హాలంతా "వన్స్‌మోర్!" అని హోరెత్తింది. తాడు లాగాను. తెర సగం దిగింది. "ఎవడ్రా తెర దించేది?" అని ఒకటే గోల. అంతలో ముందు వరుసలోంచి, అందరికంటే పైకి, ఒక ఆడగొంతు: "వన్స్‌మోర్!"

చూద్దును కదా, ఆవిడే! కొంగు నడుముకు దోపుకుని, లేచి నిలబడి మరీ.

ఇక చేసేదేముంది? తెల్లకోటుతోనే రాజసభలోకి నడిచి, రాజుగారి నాడి పట్టుకున్నాను. నాడి నింపాదిగా కొట్టుకుంటోంది. "కూర్చుని పాడాలి. రాగం లాగకూడదు," అని అందరికీ వినపడేలా చెప్పాను. ఈలలే ఈలలు! రాజుగారు సింహాసనం మీద కూర్చుని బుద్ధిగా పాడారు. ఈసారి తెర నిజంగానే దించేశాను.

ఆవిడ లోపలికి రాగానే ఇంతెత్తున లేచాను. "ఆపమన్నది మీరే కదండీ!"

"ఇన్నేళ్లూ చాల్లే ఆపండి అంటూనే ఉన్నానమ్మా," అన్నారావిడ కళ్లు తుడుచుకుంటూ. "మళ్లీ పాడమని ఎప్పుడూ అడగలేదు. అడక్కుండానే ఈయన వెళ్లిపోతే?"

నేను ఒక చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే, రెండో చేత్తో మీసం పీకుతున్న మాస్టారు ఆగిపోయారు. "అది నీ గొంతా?" అన్నారు.

ఆవిడ తల వంచుకున్నారు. పద్యానికి చెక్కుచెదరని నాడి నా వేళ్ల కింద ఒక్కసారిగా పరుగందుకుంది. "కూర్చోండి మాస్టారూ!" అని కసిరాను. ఆయన నా మాట వింటేగా. సగం ఊడిన మీసంతో ఆవిడ వైపే చూస్తున్నారు.

"ఏదీ, మళ్లీ అను," అన్నారు.